చెట్టు పచ్చిదే తెండి

నాన్నా,

ఈసారి క్రిస్మస్ మన తిరువూరు ఇంట్లోనే చేస్తున్నారని, హైదరాబాదు నుంచి పిల్లలతో వారం ముందే దిగుతున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తాళం పడి ఉన్న ఇల్లు మళ్లీ తెరుస్తున్నారంటే నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. కోడలు పచ్చి చెట్టు పెడదామంటోందట. ఎందుకొచ్చిన శ్రమ, ప్లాస్టిక్‌ది తెప్పిస్తే పదేళ్లు పడి ఉంటుంది కదా అని నువ్వంటున్నావట. ఈ ఒక్క విషయంలో కోడలి మాట విను. ఎందుకో, ఎలాగో రెండూ రాస్తాను. తీరిగ్గా చదువుకో, అమ్మాయికి కూడా చదివి వినిపించు.

ప్లాస్టిక్ చెట్టు పెట్టుకునేవాళ్లను నేను తప్పుపట్టను. అపార్టుమెంటులో పై అంతస్తుల్లో ఉండేవాళ్లు, మోకాళ్ల నొప్పులతో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు, డబ్బాలోంచి తీసి నిలబెట్టుకుని పండగయ్యాక మళ్లీ డబ్బాలో సర్దుకుంటారు. ఒకే చెట్టును ఏళ్ల తరబడి వాడుకుంటే అందులో దుబారా కూడా లేదు. కానీ మీకు పెద్ద హాలుంది, పెరడుంది, బోరు నీళ్లున్నాయి, పరుగులు పెట్టే పిల్లలున్నారు. పచ్చి చెట్టంటే ఒక పూట పొలం వెళ్లాలి. రైతుతో మాట్లాడాలి. ఒకరు వంచి పట్టుకుంటే ఇంకొకరు కొయ్యాలి. తెచ్చాక రోజూ పొద్దున్నే నీళ్లు పొయ్యాలి. నువ్వు శ్రమ అంటున్నవి ఇవే. ఈ వారంలో పిల్లలకు దొరకాల్సినవీ ఇవే. హైదరాబాదులో వాళ్లకు అన్నీ అట్టపెట్టెల్లో గుమ్మం దాకా వస్తున్నాయి. తాతల ఊళ్లో చేసే పండగైనా వాళ్ల చేతుల మీదుగా జరగనీ.

అమెరికా నుంచి మీ అక్క పంపే ఫొటోలు చూసి అలాంటి చెట్టే కావాలని మాత్రం వెతక్కండి. వాళ్లక్కడ పెట్టేది ఫ్రేజర్ ఫర్ లాంటి చలిదేశపు చెట్టు. నార్త్ కరోలినా కొండల మీద, ఒరెగాన్‌లో రైతులు దాన్ని పంటగా పెంచుతారు. మనిషెత్తు దాటడానికే ఏడు నుంచి పదేళ్లు పడుతుంది. కుటుంబాలు తోటకు వెళ్లి నచ్చిన చెట్టును తామే కోసుకుని కారు మీద కట్టుకుని తెచ్చుకుంటారు. ఆ అలవాటు మాత్రం మనం తప్పకుండా తీసుకోవాల్సిందే. కానీ ఆ చెట్టు మన ఎండకు బతకదు. మన రాష్ట్రంలో పైన్ చెట్లు చూడాలంటే అరకు దాకా పోవాలి. అవి సర్కారు వనాలు, చూసి రావడానికే.

మనకు సరుగుడు ఉంది. కోస్తా జిల్లాల్లో మన చర్చీల్లో తరతరాలుగా క్రిస్మస్ చెట్టంటే సరుగుడే. దూరం నుంచి సూదుల్లాంటి ఆకులు కనిపిస్తాయి కాబట్టి ఇదీ పైన్ జాతిదే అనుకుంటారు గానీ, ఆ జాతికి దీనికి చుట్టరికం లేదు. ఇది పూలు పూసే చెట్టు. ఆ సూదులు ఆకులు కావు, సన్నటి రెమ్మలు. ఒక రెమ్మను పిల్లల చేతికిచ్చి వెలుతురుకు పట్టి చూడమను. పొడవునా చిన్నచిన్న కణుపులు కనిపిస్తాయి. ఒక్కో కణుపు చుట్టూ ఆరేడు బుల్లి పళ్లలాంటి పొలుసులుంటాయి. దాని అసలు ఆకులు అవే. మా చిన్నప్పుడు ఒక ఆట ఉండేది. రెమ్మను ఒక కణుపు దగ్గర మెల్లగా లాగి విడదీసి, మళ్లీ అక్కడే గుచ్చి, ఎక్కడ విడదీశానో చెప్పమనేవాళ్లం. పచ్చి రెమ్మయితే అతుకు ఎక్కడుందో కనిపెట్టడం మహా కష్టం. మీ పిల్లలకు నేర్పు, సాయంత్రమంతా ఫోన్ అడగరు.

ఈ చెట్టు కూడా ఒకప్పుడు బయటి నుంచి వచ్చిందే. ఆగ్నేయాసియా తీరాలు, ఆస్ట్రేలియా ఉత్తర తీరం, పసిఫిక్ దీవులు దాని పుట్టిల్లు. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీ తీరంలో వంటచెరకుకు, రైలింజన్ల పొయ్యిలోకి దీన్ని పెంచడం మొదలుపెట్టారు. దాదాపు ఆ కాలంలోనే మిషనరీలు కూడా వచ్చారు. నోబుల్ దొర, ఫాక్స్ దొర 1841లో బందరు చేరారు. జర్మనీలో పుట్టిన హేయర్ దొర 1842లో గుంటూరు చేరాడు. ఇంట్లో దీపాల చెట్టు పెట్టే ఆచారం జర్మనీది. విక్టోరియా రాణి కుటుంబం అలాంటి చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ 1848లో లండన్ పత్రికలో పడ్డాక ఇంగ్లండులో ఊరూరా పాకింది. అక్కడి చెట్టు ఇక్కడ దొరకదు కాబట్టి, మనవాళ్లు ఏడాది పొడుగునా పచ్చగా ఉండే సరుగుడును చర్చికి తెచ్చుకున్నారు. అలా వచ్చి తరతరాలుగా మనదైపోయింది. అందుకే దీన్ని ఏదో దొరక్క సరిపెట్టుకునే వస్తువుగా చూడొద్దు.

ఇక పనిలోకి వద్దాం. తిరువూరు చుట్టుపక్కల మామిడి తోటలు, జామాయిల్ తోటలే ఎక్కువ. సరుగుడు అక్కడక్కడా ఉంటుంది. గంపలగూడెం వైపు గానీ విస్సన్నపేట వైపు గానీ ఎవరి తోట ఉందో నువ్వు దిగిన రోజే కనుక్కో. ఎరువుల కొట్టు దగ్గర, టింబర్ డిపో దగ్గర అడిగితే ఇట్టే చెబుతారు. అడగాల్సింది తోట ఎక్కడుందని కాదు, కటింగ్ ఎక్కడ జరుగుతోందని. సరుగుడును మూడు నాలుగేళ్లకు నరికేస్తారు. నరికే ముఠా మొద్దులకు బెరడు వలిచి, సారపాక మిల్లుకో రాజమండ్రి మిల్లుకో లారీకెత్తిస్తారు. పైన సన్నగా మిగిలే కొస కాగితానికి పనికిరాదు. అది పొయ్యిలోకో ఇటుక బట్టీకో పోతుంది. మనకు కావాల్సింది సరిగ్గా ఆ కొసే. ఆరడుగుల కొస తీసుకుంటే మన పండగ కోసం ప్రత్యేకంగా ఒక చెట్టు నరకాల్సిన పని లేదు.

కటింగ్ ఎక్కడా దొరక్కపోతే తోట అంచు వరస చూడు. ఇది చాలామందికి తెలియదు. తోట లోపలి చెట్లు మీటరుకొకటి చొప్పున కిక్కిరిసి ఉంటాయి. వెలుతురు కోసం పైకి ఎగబాకుతాయే తప్ప పక్కకు కొమ్మ వెయ్యవు. మొండెమంతా బోసిగా ఉండి పైన పిలక మాత్రం ఉంటుంది. గట్టు వైపు ఎండ తగిలే చెట్లకు కింది నుంచీ కొమ్మలుంటాయి. ఏడాదిన్నర, రెండేళ్ల వయసువి బాగుంటాయి. కానీ ఒక మాట గుర్తుంచుకో. జామాయిల్ నరికితే మొద్దు మళ్లీ గుబురుగా చిగురిస్తుంది, నాటు సరుగుడు అంత బాగా చిగురించదు. నువ్వు కోసిన చెట్టు ఆ రైతుకు పూర్తిగా పోయినట్టే. మొద్దయ్యాక దానికెంత వచ్చేదో ఆయన్నే అడిగి, బేరమాడకుండా ఇచ్చేయ్. కొస తీసుకుంటే కూడా ఊరికే తీసుకోకు. రైతుకు ఇవ్వాల్సింది ఇచ్చి, ముఠా మేస్త్రి చేతిలోనూ టీకి, టిఫినుకు ఎంతో కొంత పెట్టు. డిసెంబరు చలిలో తెల్లారకముందే చేలోకి దిగినవాళ్లు వాళ్లు. పొరుగూళ్ల నుంచి వచ్చి గుడారం వేసుకుని ఉన్న ముఠా అయితే పిల్లల చేత ఒక డబ్బా అరిసెలు కూడా ఇప్పించు.

రోడ్డు పక్క చెట్టు, బడి ఆవరణలో చెట్టు, చెరువు గట్టు మీది చెట్టు జోలికి మాత్రం పోవద్దు. అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదని 2002లో వచ్చిన వాల్టా చట్టం చెబుతుంది. చట్టం లేకపోయినా అవి నలుగురివీ. బందరులో మన చుట్టాలు, సముద్రం ఒడ్డున బోలెడు సరుగుడు ఉంది, ఒకటి వేసి పంపిస్తాం అంటారు. వద్దని చెప్పు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత తీరం పొడుగునా గాలి తాకిడి తగ్గించడానికి పెంచిన వనాలవి. అందులోంచి కొమ్మ విరిచి తెచ్చి మన హాల్లో దీపాలు పెట్టుకోవడం నాకు మనసొప్పదు. ఆ రోజుల్లో చర్చీల తరఫున శవాలెత్తడానికి, అన్నం వండి పెట్టడానికి వెళ్లినవాళ్లలో మీ తాతయ్య కూడా ఉన్నాడు.

అలాగే మామిడి కొమ్మలు విరవనివ్వకు. గుమ్మానికి తోరణం కడతాం సరే, ముదురాకులు కోసుకోండి. డిసెంబరులో మామిడి పూతకొచ్చే సమయం. కొస విరిచారంటే వచ్చే వేసవి కాయ విరిచినట్టే. మన పెరట్లో చెట్టయినా అంతే.

ఎప్పుడు కొయ్యాలనేది అన్నిటికంటే ముఖ్యం. అమెరికాలో నవంబరు చివర్లోనే చెట్టు నిలబెట్టేస్తారు. నీళ్లలో ఉంటే వాళ్ల ఫర్ చెట్టు నెల దాకా పచ్చగా నిలుస్తుంది. మన సరుగుడు మన పొడి గాలికి అన్నాళ్లు ఆగదు. నీళ్లలో పెట్టినా వారం, మహా అయితే పది రోజులు. తర్వాత రెమ్మలు పసుపెక్కి కణుపు కణుపూ ఊడి నేల మీద పడతాయి. అందుకని నక్షత్రం దిగిన రోజే కట్టుకోండి, పిండివంటలు ఇరవై నుంచి మొదలుపెట్టండి, చెట్టు మాత్రం 23కు ముందు వద్దు. ఆ రోజు పొద్దుటే మంచు విడిచాక వెళ్లి, మధ్యాహ్నం ఎండ ముదరకముందే ఇంటికి చేర్చండి.

కొస చేతిలోకి తీసుకున్నాక ఇలా చూడు. ఒక రెమ్మను చూపుడు వేలికి చుట్టు. పచ్చిదైతే ఉంగరంలా తిరుగుతుంది, ఎండుముఖం పట్టిందైతే కణుపుల దగ్గర పుటుక్కుమంటుంది. మొదలు పట్టుకుని నేలకు రెండుసార్లు గట్టిగా తాటించు. లోపలి పాత ఎండు రెమ్మలు రాలితే ఫరవాలేదు, పచ్చివి రాలితే అది నిన్న మొన్న కోసిపడేసిన కొస. కోసిన చోట గోరుతో గీకితే బెరడు కింద తడి తగలాలి. కొసల్లో తుప్పు రంగులో సన్నటి కంకులున్న కొమ్మ వద్దు. అది పుప్పొడి. మీ అమ్మకు ఆయాసం ఉంది, ఇంట్లో మూసిన తలుపుల మధ్య ఆ పొడి రాలితే రాత్రంతా తుమ్ములూ దగ్గూ. చీమలు కూడా చూసుకోండి. తెచ్చిన వెంటనే హాల్లోకి లాగెయ్యకుండా వరండాలో నీళ్ల బకెట్లో నిలబెట్టి బాగా దులిపి, చీమ లేదనుకున్నాకే లోపలికి తీసుకెళ్లండి.

ఎత్తు దగ్గర జాగ్రత్త. మనది పాత డాబా, కప్పు ఎత్తే గానీ ఫ్యాను రాడ్ పొడుగు. చెట్టు ఆరడుగులు, కింద బకెట్టు అడుగు, పైన నక్షత్రం ముప్పావు అడుగు. లెక్క వేసుకుని ఫ్యాను రెక్కకు దూరంగా, కిటికీ పక్క మూలన పెట్టండి. వంటింటి గోడ వైపు వద్దు, అటు వేడి తగులుతుంది. ఎదురింటివాళ్లది ఎనిమిదడుగులుందట, మనదీ పెంచుదాం అనే మాట మన ఇంట్లో వినపడకూడదు.

తీసుకురావడానికి ట్రాలీ ఆటో చాలు. కొమ్మలన్నీ పైకి ఎత్తి పురికొసతో వదులుగా చుట్టి, తడి గోనెపట్టా కప్పండి. మొదలు బండి ముందువైపుకు ఉండాలి. అప్పుడు గాలికి కొమ్మలు వెనక్కి ఒదిగి పడుకుంటాయి. తిప్పి పెడితే హైవే మీద గాలి కొమ్మల్లోకి జొరబడి సగం రెమ్మలు రాలగొడుతుంది.

ఇంటికొచ్చాక మొదట చేయాల్సిన పని ఒకటుంది. మొదలు నుంచి ఒక అంగుళం మళ్లీ కొయ్యండి. కోసిన చోట కొన్ని గంటల్లోనే ఎండి నీటి దారులు మూసుకుపోతాయి. గొడ్డలితో నరికితే నలుగుతుంది, రంపమే వాడాలి. సరుగుడు చేవ గట్టిది, అడ్డంగా కొయ్యడానికి కాస్త ఓపిక కావాలి. రంపం దిగుతుంటే తెల్లటి పొట్టు రాలుతుంది, పచ్చి వాసనొస్తుంది. పొట్టు చెయ్యికి తడిగా అంటుకుంటే సరైన చోటే కోస్తున్నట్టు. బకెట్లో పట్టడం లేదని బెరడు మాత్రం చెక్కొద్దు. నీళ్లు పైకి పోయేది బెరడు పక్కనున్న పొరల్లోంచే. బకెట్టే పెద్దది తెచ్చుకోండి. ఇరవై లీటర్ల పెయింటు బకెట్ శుభ్రంగా కడిగితే భేషుగ్గా ఉంటుంది. అడుగున రెండు ఇటుక ముక్కలు, మధ్యన చెట్టు, చుట్టూ కంకర, పైన ఇసుక. నిలబెట్టి నాలుగు వైపుల నుంచీ చూసి నిటారుగా ఉందనుకున్నాక అంచు దాకా నీళ్లు. మొదటి రోజు ఎక్కువ తాగుతుంది. పొద్దున పోసింది సాయంత్రానికి సగానికి దిగితే ఆశ్చర్యపోకు. పంచదార, ఆస్పిరిన్ మాత్ర, కూల్‌డ్రింకు కలపమని రకరకాలుగా చెబుతారు. ఏమీ అక్కర్లేదు, మంచినీళ్లు చాలు. రోజూ పొద్దున నీళ్లు పొయ్యడం మీ చిన్నదాని పని అని మొదటి రోజే చెప్పేయ్. ఎత్తలేకపోతే చెంబు చెంబుగా పోస్తుంది. అన్నయ్య అడ్డుపడకుండా చూడు. బకెట్టుకు మీ మామ్మ నేత చీర చుట్టండి, బీరువా కింది అరలో ఉంది.

దీపాల గురించి గట్టిగానే చెబుతున్నాను. కొవ్వొత్తులు చెట్టు మీద గానీ దగ్గర గానీ వద్దు. సరుగుడు పచ్చిగా ఉన్నా అంటుకుంటుంది, ఇక ఎండిందంటే అంత చురుగ్గా మండే కట్టె మన నేల మీద తక్కువ. రైలింజన్లకు దీన్ని పెంచింది ఊరికే కాదు. ఎల్‌ఈడీ సీరియల్ సెట్లు కొనండి, అవి వేడెక్కవు. అటక మీది పాత సెట్టు వైరు అక్కడక్కడా పగిలి ఉంటుంది, దాన్ని పడేయండి. కింద నీళ్ల బకెట్ ఉంది కాబట్టి జంక్షన్ బాక్సు నేల మీద పెట్టకుండా కిటికీ చట్రానికి కట్టండి. పడుకునే ముందు, చర్చికి బయలుదేరే ముందు స్విచ్ ఆపాలి. 24 రాత్రి ఆరాధనకు అందరూ ఒకేసారి హడావిడిగా వెళతారు, ఆ రోజు ఎవరు ఆపాలో ముందే అనుకోండి.

అలంకరణ అమ్మాయి ఇష్టం. ఒక్కటి మాత్రం అడుగుతాను. విజయవాడ మీదుగా వచ్చేటట్టయితే కొండపల్లిలో ఆగండి, మన దారిలోనే. పొణికి కర్రతో చేసిన చిన్న చిలకలు, బాతులు, ఎడ్లబండ్లు దొరుకుతాయి. చాలా తేలిక కర్ర, రెమ్మ వంగిపోకుండా వేలాడుతుంది. పశువుల పాక పెట్టేటప్పుడు కూడా ఆ ఎడ్లే పెట్టండి. దోర్నకల్‌లో అజరయ్య బిషప్ కట్టించిన కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. నువ్వు చిన్నప్పుడు చూశావు, గుర్తుందో లేదో. గుమ్మటాలు మసీదువిలా, స్తంభాలు గుడివిలా ఉంటాయి. ప్రభువును మన నేల మీద మన చేతి పనితోనే కొలుస్తామని ఆయన రాతిలో చెప్పాడు. మన హాల్లో సరుగుడు మీద కొండపల్లి చిలకను చూస్తే నాకు ఆయనే గుర్తొస్తాడు. మెరుపు కాగితాలు, థర్మకోల్ మంచు తగ్గించండి. తిరువూరులో మంచు పడదు.

మీ చిన్న మామయ్య సంగతి. ఆయన వెళ్లే సహవాసంలో క్రిస్మస్ చెట్టు పెట్టరు. యిర్మీయా 10వ అధ్యాయం తెరిచి చూపిస్తాడు. అడవిలో కొట్టిన మానును వెండి బంగారాలతో అలంకరించే మాట అక్కడుంది. అది విగ్రహాల గురించిన మాటని మన పాస్టరుగారు చెబుతారు, నేనూ అలాగే నమ్ముతాను. అయినా నువ్వు వాదం పెట్టుకోకు. బైబిల్లో క్రిస్మస్ చెట్టు లేదన్న ఆయన మాట నిజమే కదా. ఆయన భయమల్లా ప్రార్థన చెట్టు వైపు తిరుగుతుందేమోనని. కుటుంబ ప్రార్థన వేరే గదిలో, మీ తాతయ్య బైబిలు ఉండే బల్ల చుట్టూ పెట్టుకోండి. ఆయన్నే వాక్యం చదవమనండి. భోజనానికి పక్కన కూర్చోబెట్టుకోండి. చెట్టు కోసం చుట్టరికం పాడుచేసుకోకూడదు.

తోటకు వెళ్లినప్పుడు ఒక్క కొసతో తిరిగి రాకండి. మన ఇళ్లల్లో చెట్టు పెట్టుకోవడం ఈమధ్య సంగతి. 1859లో రాఘవాపురం పగోలు వెంకయ్య మిషనరీ డార్లింగ్ దొర దగ్గర బాప్తిస్మం తీసుకున్న తర్వాత ఈ మెట్ట పల్లెల్లో సంఘాలు పుట్టాయి. అప్పటి పూరి గుడిసెల్లో చెట్టుకు చోటెక్కడిది? నా చిన్నతనంలో కూడా పేటంతటికీ చెట్టొకటే, అది చర్చిలో. పండగ రోజు సాయంత్రం సండే స్కూలు పిల్లల పేర్లు పిలిచి, ఆ చెట్టు కిందనుంచి ఒక పలకో పెన్సిలో బిస్కట్ పొట్లమో చేతిలో పెట్టేవారు. చెట్టంటే నాకు ఇప్పటికీ అదే. అందుకని ట్రాలీ ఎలాగూ మాట్లాడుతున్నావు కాబట్టి, మంచి కొస ముందు చర్చికి దించి తర్వాత మన ఇంటికి తీసుకురా. పక్కింటి ముసలమ్మగారికి కొడుకులు దూరాన ఉన్నారు, ఆవిడకు గుమ్మానికి కట్టుకునేందుకు రెండు నిండు కొమ్మలు. అడిగితే ఇద్దామనుకోకు, ఆవిడ అడగదు. పిల్లల్నే తీసుకెళ్లి కట్టమను.

అమ్మాయి కుండీ మొక్క ఆలోచన కూడా చేస్తోందని విన్నాను. కడియం నర్సరీల నుంచి వచ్చే అరకేరియా మొక్క బాగుంటుంది, అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు వేస్తుంది. కానీ మీరు జనవరిలో వెళ్లిపోతారు, దాన్ని ఏప్రిల్ ఎండలో చూసేదెవరు? హైదరాబాదుకు తీసుకెళ్లి బాల్కనీలో పెంచేటట్టయితే కొనండి, లేకపోతే వద్దు. దాని నడినెత్తి మొగ్గ విరిగితే మళ్లీ ఆ ఆకారం రాదు. నేలలో నాటితే కొబ్బరిచెట్టును మించి ఎదుగుతుంది, కరెంటు తీగల కింద పనికిరాదు. మన దగ్గర ఆ పేరుతో అమ్మేవాటిలో కుక్ పైన్ చాలా ఉంటాయి. అవి ప్రపంచంలో ఎక్కడ నాటినా భూమధ్యరేఖ వైపు ఒరుగుతాయని శాస్త్రవేత్తలు 2017లో కొలిచి చెప్పారు. మన దేశంలో అయితే దక్షిణానికి ఒరుగుతాయన్నమాట. ఈ ముక్క మీ పెద్దాడికి చెప్పు, వాడికి ఇలాంటివి ఇష్టం.

ఒకటో తారీకు ఆరాధన చూసుకుని మీరు బయలుదేరతారు కాబట్టి, చెట్టును అలాగే మూలన వదిలెయ్యొద్దు. అప్పటికి ఎండిపోయి ఉంటుంది. సెట్లు విప్పి, చిలకల్ని లెక్కపెట్టి సర్ది, చెట్టును పెరట్లో పడుకోబెట్టండి. మన వీధిలో భోగిమంట వేసే కుర్రాళ్లకు చెప్పి వెళ్లు, వాళ్లే వచ్చి తీసుకెళతారు. సరుగుడు కట్టె అంటే ఎగిరి గంతేస్తారు. ప్లాస్టిక్‌దైతే మంటలో వేస్తే వీధంతా విషప్పొగ. ఇసుక మాత్రం పారబొయ్యకు, పెరట్లో ఓ మూల పోసి పెట్టు.

నేను 23 పొద్దున్నే మొదటి బస్సుకు వస్తాను. రంపం నా దగ్గర మంచిది ఉంది, పళ్లు పదును పెట్టించి తెస్తాను. నువ్వు పురికొస, రెండు గోనెపట్టాలు, పెయింటు బకెట్టు సిద్ధంగా పెట్టు. తోటాయనతో మాట్లాడగానే ఆయన పేరూ, తోట ఏ దారిలో ఉందో నాకు ఫోన్లో చెప్పు. పిల్లలకు బూట్లు వెయ్యండి, నరికిన చేలో మోళ్లు గుచ్చుకుంటాయి.

మీ పెదనాన్న